ఎక్కడం సంగతి తర్వాత

మా మేనత్తకి పసితనంలో పోలియో వచ్చింది. ఇనప పట్టీల బూట్లు, చంకకర్రలు. వాటితోనే చదువుకుంది, కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పింది, రిటైరయింది. పోలియో పోయిన కొన్ని దశాబ్దాలకి కండరాల్లో మళ్ళీ నీరసం మొదలవడం ఆ జబ్బు కొట్టే రెండో దెబ్బ. భుజాలు అరిగి కర్రలు పట్టడం కష్టమయ్యాక, ఇంగ్లండులో, లీడ్స్‌లో ఉన్న కూతురి దగ్గర మొబిలిటీ స్కూటర్ అలవాటు చేసుకుంది. మన రోడ్ల మీద కనిపించే, వెనక రెండు చక్రాలు అదనంగా తగిలించిన పెట్రోలు స్కూటీ కాదిది. బ్యాటరీతో నడిచే కుర్చీబండి. ముందు నిలువు కాడ, దాని మీద హ్యాండిల్, హ్యాండిల్ కింద బొటనవేలితో నొక్కే మీట. నొక్కితే కదులుతుంది, వదిలితే ఆగుతుంది. సీటు, బ్యాటరీ, ముందు భాగం, వెనక భాగం విడివిడిగా ఊడదీస్తే కారు డిక్కీలో పడుతుంది.

మా నాన్న ఆవిడకి తమ్ముడు. పాత కట్టడాల మరమ్మతుల ఇంజినీరుగా పనిచేశాడు. సున్నపు గచ్చు మీద ఆయనకున్న ప్రేమ మా మీద ఉందా అని అమ్మకి అనుమానం.

ఒక ఆదివారం ఇద్దరినీ హైదరాబాద్ పాతబస్తీకి నేనే తీసుకెళ్ళాను. రాత్రి భోజనాలయ్యాక జరిగిన వాదం ఇది. మధ్యలో అన్నం గిన్నెల గురించీ, టీవీ సౌండు గురించీ వచ్చిన మాటలు తీసేశాను.

నాన్న: వీల్‌చైర్ తీసుకెళ్దాం, నేను తోస్తానని ముందే చెప్పాను. విన్నావా?

అత్తయ్య: నువ్వు తోస్తే నువ్వు ఆగిన చోటే నేనాగాలి. లాడ్ బజార్‌లో నీకేం పని? మొదటి కొట్టు నుంచి చివరి కొట్టు దాకా "పదక్కా, పదక్కా" అంటావు.

నాన్న: స్కూటర్ మీద వెళ్ళి ఎన్ని కొట్లు ఎక్కావు మరి?

అత్తయ్య: ఒక్కటీ ఎక్కలేదు. ప్రతి దానికీ మెట్టుంది. కానీ ఆగాలనుకున్న చోట ఆగాను. ఆ సందు మొదట్లో ఒకాయన నేల మీద కూచుని లక్క గాజు చేస్తున్నాడు చూశావా? నువ్వు చూడలేదులే, ఫోన్లో ఉన్నావు. బొగ్గుల మీద లక్క మెత్తబరిచి, కర్రకి చుట్టి, గుండ్రం చేసి, అది ఇంకా వెచ్చగా ఉండగానే అద్దపు చుక్కలు ఒక్కొక్కటే పెడుతున్నాడు. చుక్క పెట్టడం, వేలితో నొక్కడం, గాజు తిప్పడం. చల్లారిపోతే మళ్ళీ సెగ చూపించడం. నిలబడినవాళ్ళకి ఆయన నడినెత్తి కనిపిస్తుంది. నాకు ఆయన వేళ్ళు కనిపించాయి. కుర్చీలో కూచుంటే దక్కే లాభం అదొక్కటే అనుకో. హైదరాబాద్ లక్క గాజులకి 2024లో జీఐ గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివాను. ఎలా చేస్తారో చూసింది మాత్రం ఇవాళే.

నాన్న: బాగుంది. ఆ పది నిమిషాలూ నీ వెనక సందు మొత్తం ఆగిపోయింది. ఒక పెద్దావిడ కాలి మీదకి బండి పోనిచ్చావు కూడా.

అత్తయ్య: పోనివ్వలేదు. ఆవిడే వెనక్కి అడుగేసింది. క్షమించమన్నాను, ఆవిడ నా గాజుల సైజు అడిగింది. మా మధ్య గొడవేం లేదు, నువ్వు పెట్టకు.

నాన్న: అక్కా, నా మాట సరిగ్గా విను. నువ్వు వెళ్ళకూడదని నేననడం లేదు. ఆ బండి ఆ ఊరి కోసం చేసింది కాదంటున్నాను. వీల్‌చైర్ నిలుచున్న చోటే తిరుగుతుంది. నీ స్కూటర్ తిరగాలంటే ముందుకో మారు, వెనక్కో మారు. నేలకీ దాని పొట్టకీ మధ్య మూడువేళ్ళ ఎడం కూడా లేదు. చార్మినార్ చుట్టూ పరిచిన రాళ్ళ మీద పోతుంటే బ్యాటరీ ముల్లు ఎలా పడిపోయిందో నువ్వే చూశావు. 1591లో కట్టిన కట్టడం, దాని చుట్టూ అల్లుకున్న బజారు. వాటిని ఇప్పుడు నీ బండి కొలతలకి కత్తిరించమంటావా?

అత్తయ్య: చార్మినార్ ఎవరి కొలతలకి కట్టారు? నాలుగు రోడ్ల కూడలిలో నాలుగు వైపులా తోరణాలు, ఒక్కొక్కటి పదకొండు మీటర్ల వెడల్పు. దాని కింద నుంచి బళ్ళు పోయాయి, పల్లకీలు పోయాయి, ఊరేగింపులు పోయాయి. చక్రం పోకూడని చోటు కాదది. నా బండి వెడల్పు మూడడుగులు లేదు.

నాన్న: కింద సరే. పైకి?

అత్తయ్య: నేను పైకెక్కుతానని అడిగానా?

నాన్న: నువ్వడగవు. కానీ ఈ వాదన ఎప్పుడూ అక్కడికే పోతుంది. ఇవాళ కింద, రేపు పైన. మినార్ లోపల 149 మెట్లు, మనిషి భుజాలు రాసుకునేంత ఇరుకు. లిఫ్టు పెట్టాలంటే ఎక్కడ పెట్టాలి? గోల్కొండ సంగతి చూడు. గుట్ట ఎత్తు దాదాపు 120 మీటర్లు. ర్యాంపుకి లెక్కేమిటి? ఒకటికి పన్నెండు. అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. అంటే గుట్ట కొసన ఉన్న బాలా హిస్సార్ దాకా ర్యాంపు కావాలంటే కిలోమీటరున్నర పొడవు, మధ్యమధ్య ఆగడానికి చదును తిన్నెలు అదనం. ఆ గుట్ట చుట్టూ కాంక్రీటు పాము పడుకున్నట్టుంటుంది. అప్పుడు నువ్వు చూసేది గోల్కొండ కాదు, ర్యాంపుని.

అత్తయ్య: ఏథెన్సులో అన్నారు ఈ మాటే.

నాన్న: అన్నారు, తప్పేముంది? 2004 పారాలింపిక్స్ కోసం ఆక్రోపోలిస్‌కి ఒక లిఫ్టు బిగించారు. అది మొరాయిస్తుంటే 2020 డిసెంబర్ 3న, అంతర్జాతీయ వికలాంగుల దినం చూసుకుని మరీ, కొండవాలు వెంట పోయే కొత్త లిఫ్టు తెరిచారు. అంతవరకూ నాకూ అభ్యంతరం లేదు. దాంతోపాటు పైన రాతి నేల మీద కాంక్రీటు దార్లు పోశారు. ప్రపంచంలో ఉన్న పురావస్తు పండితుల్లో సగంమంది గోలపెట్టారు. ఆ పని నడిపించింది మనోలిస్ కొర్రెస్, ఆ కొండ మీది గుడి పార్థెనాన్ గురించి ఆయనకి తెలిసినంత ఎవరికీ తెలియదంటారు. అలాంటివాడు చేస్తేనే అంత గొడవైతే, మన దగ్గర కాంట్రాక్టరు చేతిలో పెడితే ఏమవుతుంది?

అత్తయ్య: గొడవైంది. కానీ కుర్చీలో ఉన్నవాళ్ళు పైకెళ్ళారు. ఆ సగంమంది పండితుల్లో కుర్చీలో కూచునేవాళ్ళు ఎంతమంది?

నాన్న: కాలు బాగున్నవాడికి రాయి గురించి మాట్లాడే హక్కు లేదంటే ఇక వాదనే అక్కర్లేదు. నా భయం వేరే. అదే పార్థెనాన్ మీద బలానోస్ అనే ఇంజినీరు, నాలాంటివాడే, మంచి బుద్ధితోనే మరమ్మతు చేశాడు. 1898 నుంచి ముప్పై ఏళ్ళ పైచిలుకు. పాత గ్రీకులు రాళ్ళని కలిపే ఇనప పట్టీల చుట్టూ సీసం పోసేవాళ్ళు, తుప్పు పట్టకుండా. ఆయన సీసం పోయలేదు. ఇనుము తుప్పు పట్టి ఉబ్బి పాలరాయిని లోపల్నుంచి పగలగొట్టింది. ఆ పట్టీలన్నీ పీకి టైటానియంవి వెయ్యడానికి ఆ తర్వాతి తరాలు ఇంకా తంటాలు పడుతూనే ఉన్నాయి. రాయికి బోల్టు దిగ్గొట్టడం మాట్లాడినంత తేలిక కాదక్కా. చార్మినార్‌కి ఉన్నది సున్నపు గచ్చు. 2019 మే నెలలో ఒక మినార్ నుంచి పెళ్ళ ఊడి కిందపడింది, జ్ఞాపకముందా? నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

(పట్టలేదన్నది నిజమే. మా అమ్మకీ పట్టనివ్వలేదు.)

అత్తయ్య: మరి ఆ గచ్చు మీదకి లైట్లు ఎక్కించినప్పుడు? వైర్లు, కెమెరాలు, టికెట్ గేట్లు? వాటికి బోల్టులు పడలేదా? అప్పుడు పేపర్లకి ఎన్ని ఉత్తరాలు రాశావు? నా కోసం ఒక చెక్క వాలు పెట్టమంటేనే మీ అందరికీ సుల్తానులు గుర్తొస్తారు. ఆ సుల్తానులైనా గోల్కొండ గుట్ట నడిచి ఎక్కేవాళ్ళనుకున్నావా? బోయీలు మోసేవాళ్ళు.

నాన్న: అదీ అలా రా! నేనంటున్నదీ అదే కదా. శబరిమలలో డోలీలున్నాయి, నలుగురు మోస్తారు. గోల్కొండలోనూ నలుగురు కుర్రాళ్ళకి శిక్షణ ఇచ్చి, బీమా చేయించి, మంచి కుర్చీ ఇచ్చి పెడదాం. రాయికి చిన్న గీత పడదు, నలుగురికి జీతం, నువ్వు పైనుంచి ఊరు మొత్తం చూస్తావు. మన దేశంలో ఉన్నది మనుషుల బలం. అది వదిలేసి యంత్రాల కోసం ఏడవడమెందుకు? ఇవాళ మాత్రం బళ్ళు రాకుండా చార్మినార్ దారిలో పాతిన స్తంభాల సందులో నీ బండి పట్టకపోతే ఎవరు ఆదుకున్నారు? పండ్ల బండివాడూ, అతని తమ్ముడూ. అడక్కుండానే వచ్చి ఎత్తేశారు. నీ యూకేలో ఎత్తుతారా అలా?

అత్తయ్య: ఎత్తరు. ఎత్తే అవసరం తక్కువ.

నాన్న: సరే, ఎత్తితే తప్పేంటో చెప్పు.

అత్తయ్య: చెప్తాను, విను. కాలేజీ పిల్లలతో ఎక్స్‌కర్షన్‌కి వెళ్ళేదాన్ని. మెట్లు రాగానే నలుగురు మగపిల్లలు కుర్చీతో సహా ఎత్తేవాళ్ళు. బంగారం లాంటి పిల్లలు, ఒక్కడూ విసుక్కోలేదు. కానీ ఎత్తేటప్పుడు చెయ్యి ఎక్కడ పడుతుందో వాడికీ తెలియదు. నేను వద్దని ఎలా అనను? అంటే వాడు సిగ్గుతో చచ్చిపోతాడు. చీర సర్దుకోవడానికి నా చేతులు ఖాళీ ఉండవు, రెండూ కుర్చీని పట్టుకుని ఉంటాయి. ఒకసారి ముందున్న వాడి కాలు జారింది. పడలేదు. కానీ ఆ తర్వాత పైన గంటసేపు నేను శిల్పం చూడలేదు, దిగడం ఎలాగా అనే చూశాను. పాఠం చెప్పాల్సినదాన్ని నేను. పిల్లలు మెట్టు మెట్టుకీ "మేడమ్, బాగానే ఉన్నారా" అని నన్నడిగారు. ఇంకో సంగతి చెప్పనా? అలాంటి రోజుల్లో పొద్దుట్నుంచీ మంచినీళ్ళు తాగేదాన్ని కాదు. ఇవాళ కూడా తాగలేదు.

నాన్న: ఇవాళా? ఎండలో? చాయ్ తాగావు కదా.

అత్తయ్య: రెండు గుక్కలు. మిగతాది నీ కూతురు తాగింది. అక్కడ నా బండి పట్టే బాత్‌రూమ్ ఎక్కడుందో నీకు తెలుసా? నలభై ఏళ్ళు ఆ కట్టడాల చుట్టూ తిరిగినవాడివి.

(నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత అత్తయ్య లీడ్స్ నుంచి వెళ్ళి చూసొచ్చిన యార్క్ సంగతి ఎత్తాడు. వాదంలో దెబ్బ తగిలినప్పుడు ఆయన వేరే ఊరికి వెళ్ళిపోతాడు.)

నాన్న: యార్క్ యార్క్ అంటావు. రోమన్లు పెట్టిన ఊరు, మధ్యయుగాల ప్రాకారం, సరే. ఆ ప్రాకారం మీద నువ్వు నడిచావా?

అత్తయ్య: లేదు. గోడ చుట్టూ మూడున్నర కిలోమీటర్లు, ఎటు పైకెక్కాలన్నా మెట్లే. కింద నుంచి చూసుకున్నాను. క్లిఫర్డ్స్ టవర్ అని ఒకటుంది, మట్టిదిబ్బ మీద రాతి బురుజు. యాభై అయిదు మెట్లు. 2022లో లోపల కొత్తగా చెక్క అంతస్తులు వేసి బ్రహ్మాండంగా తెరిచారు. లోపల అంత చేసినవాళ్ళు దిబ్బ ఎక్కడానికి మాత్రం ఆ మెట్లే ఉంచారు. నేను బయట నిలబడి, అదే, కూచుని, మా అల్లుడు తీసిన ఫొటోలు చూశాను. కోపం వచ్చిన మాట నిజం.

నాన్న: చూశావా! అంత డబ్బు, అంత చట్టం ఉన్నచోటే కుదరలేదు.

అత్తయ్య: కుదరనిది ఆ దిబ్బ ఒక్కటీ, గోడ ఒక్కటీ. కుదిరింది ఏమిటో కూడా విను. లీడ్స్‌లో రైలు ఎక్కేటప్పుడు ప్లాట్‌ఫామ్ మనిషి మడత ర్యాంపు తెచ్చి పెట్టెకి ఆనించాడు. యార్క్‌లో ఇంకొకతను అలాంటిదే పట్టుకుని నా పెట్టె ఆగే చోటే నిలబడ్డాడు. మిన్‌స్టర్, ఆ పెద్ద చర్చి, దాన్లోకి మెట్టు లేకుండా వెళ్ళిపోయాను. గోపురానికి 275 మెట్లు, దాని ఊసే నాకు రాలేదు. కింద రంగుటద్దాల కిటికీలు చూడ్డానికే పూట చాల్లేదు. రైల్వే మ్యూజియంలో ఇంజన్ల మధ్య తిరిగాను. పాత కొట్లకి మెట్లున్నాయి, కొన్నింటి గుమ్మం పక్కన గంట ఉంది. మోగిస్తే లోపల్నుంచి చిన్న పలక తెచ్చి వేస్తారు. షాంబుల్స్ అని వందల ఏళ్ళ నాటి వీధి, మేడలు ఒకదాని మీదకి ఒకటి వంగి ఉంటాయి. అక్కడ రాళ్ళూ రద్దీ చూసి నేనే వెనక్కి తిప్పాను. ఎవరో వద్దంటే కాదు. రైలు దిగిన దగ్గర్నుంచి మళ్ళీ రైలెక్కే దాకా నన్నెవరూ ఎత్తలేదు.

నాన్న: ఆ ఊరు కూడా కార్లని నడివీధుల్లోంచి తీసేసినప్పుడు మీ వాళ్ళ కార్లని కూడా తీసేసిందని నువ్వే చెప్పావు.

అత్తయ్య: తీసేసింది. అక్కడ నడవలేనివాళ్ళ కార్లకి బ్లూ బ్యాడ్జి ఇస్తారు. నడక వీధుల్లోకి మామూలు కార్లు రాకూడదు గానీ ఆ బ్యాడ్జి ఉన్నవాళ్ళని రానిచ్చేవాళ్ళు. 2021 నవంబర్‌లో అదీ ఆపేశారు. ఉగ్రవాదులు బండితో జనం మీదకి వస్తారేమోనని అడ్డుస్తంభాలు పెడుతున్నాం, ఇక కుదరదన్నారు. నీలాంటి ఇంజినీర్లే చెప్పుంటారు. రెండేళ్ళు పోరాడారు జనం. పాలకవర్గం మారింది, 2024 జనవరిలో మళ్ళీ తెరిచారు. స్తంభాలు తీసెయ్యలేదు. స్తంభం దగ్గర మనిషిని పెట్టారు. బ్యాడ్జి చూస్తాడు, స్తంభం దించుతాడు, పోనిస్తాడు. నేను నీకు చెప్పాలనుకున్నది ఇదే. చార్మినార్ దగ్గర కూడా సరిగ్గా ఇదే జరిగింది. ఒకప్పుడు ఆటో దాని కాళ్ళ దగ్గరికి పోయేది. పొగ, హారన్లు, నరకం. కానీ ఆటోలో కూచుని చూడగలిగేదాన్ని. ఇప్పుడు బళ్ళు ఆపేశారు. మంచిపనే, గచ్చుకీ మంచిది. కానీ కాలినడక వీధి అన్నప్పుడు కాళ్ళు లేనివాళ్ళు ఎలా వస్తారని ఎవరూ అడగలేదు. ఆ చివరి వంద గజాలకే నాకు ఈ బండి కావలసొచ్చింది. తీరా బండి తెస్తే స్తంభాల సందు పట్టలేదు.

నాన్న: ఆ సందు కావాలనే అంత పెట్టారు. ఎందుకో చెప్పనా? మోటార్‌సైకిల్ హ్యాండిల్ రెండున్నర అడుగులుంటుంది. నీ బండి పట్టేలా మూడడుగులు వదిలామనుకో, హైదరాబాద్‌లో ఉన్న ప్రతి యాక్టివా, ప్రతి బుల్లెట్టూ ఆ సందులోంచే పోతుంది. మనవాళ్ళు ఫుట్‌పాత్ మీదే నడుపుతారు, దారి చూపిస్తే ఊరుకుంటారా? అప్పుడు నీకే ప్రమాదం. ఇది గచ్చు మీద ప్రేమ కాదక్కా, అచ్చంగా అంగుళాల లెక్క. నువ్వు పోగలిగిన చోట బైకు పోగలదు. బైకుని ఆపితే నువ్వూ ఆగుతావు. ఏ డ్రాయింగూ దీన్ని దాటలేదు.

(ఇది నాన్న చెప్పినవాటిలో అన్నిటికన్నా గట్టి మాట. అత్తయ్య కూడా వెంటనే కాదనలేదు.)

అత్తయ్య: అందుకే మనిషి కావాలంటున్నాను. నువ్వు నన్ను ఎత్తడానికి నలుగురిని జీతానికి పెడతానన్నావు. నాకు నలుగురొద్దు, స్తంభం ఎత్తేవాడు ఒక్కడు చాలు. నా ఒంటి మీద చెయ్యెయ్యక్కర్లేదు.

నాన్న: హోంగార్డుని పెడితే పది రోజులుంటాడు. పదకొండో రోజు బందోబస్తుకి పిలుస్తారు.

అత్తయ్య: టికెట్ గేటు దగ్గర ఉన్నవాణ్ణి పిలవరేం?

నాన్న: అక్కడ డబ్బు వస్తుంది కాబట్టి.

అత్తయ్య: చూశావా, నువ్వే చెప్పావు.

నాన్న: ఇంకోటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నీ బండి నీ కూతురు కొనిచ్చింది. మనం వస్తుంటే మక్కా మసీదు వైపు చక్రాల పలక మీద చేతులతో నేలని తోసుకుంటూ ఒకతను వెళ్ళాడు. నువ్వు చూశావు, నేనూ చూశాను. నువ్వడిగే ఈ సందు, ఈ మనిషి, ఈ వాలు పలక, ఇవన్నీ వాడి కోసమా, నీ కోసమా? మొబిలిటీ స్కూటర్ ఉన్నవాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమంది?

అత్తయ్య: తక్కువే. తిరగడానికి చోటు లేకపోతే ఎవరు కొంటారు? నువ్వడిగింది న్యాయమైన ప్రశ్నే. నాకు దారి ఇచ్చే మనిషే అతన్ని లేచి పొమ్మంటాడేమో. అది నాకూ తెలుసు. కానీ చేత్తో తిప్పే మూడు చక్రాల బండ్లు ప్రభుత్వమే ఇస్తోంది కదా, అవి నా స్కూటర్ కన్నా వెడల్పు. కొలత నా బండికి పెట్టకు, దానికి పెట్టు. అది పట్టిన చోట నేనూ పడతాను, పిల్లల బండీ పడుతుంది, మోకాళ్ళు పోయిన నువ్వూ పడతావు ఇంకో అయిదేళ్ళలో.

నాన్న: నా మోకాళ్ళ జోలికి రాకు. చట్టాలున్నాయి కదా, చట్టం చేస్తుందిలే.

అత్తయ్య: చట్టం గురించి నాకు చెప్పకు. 1995లో ఒకటి. 2016లో ఇంకొకటి, పాత ప్రభుత్వ భవనాలన్నీ అయిదేళ్ళలో అందరికీ అందేలా చెయ్యమంది. ఆ గడువు 2022లో దాటిపోయింది. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజీవ్ రాతూరి కేసులో ఏమంది? నిబంధనల్లో పెట్టిన కొలతలన్నీ సలహాల్లాగే ఉన్నాయి, తప్పనిసరివి వేరుచేసి మూడు నెలల్లో రాయండి అంది. ఆ కోర్టుకి దేశం పరిస్థితి మీద నివేదిక రాసిచ్చింది ఎవరో తెలుసా? మన నల్సార్ లా యూనివర్సిటీ వాళ్ళు. శామీర్‌పేటలో కూచుని రాశారు. చార్మినార్‌కి గంటన్నర దూరం.

నాన్న: ట్రాఫిక్ లేకపోతే.

అత్తయ్య: సరే, ట్రాఫిక్ లేకపోతే. ఆ ఆదేశం ఉన్న కాగితం నా దగ్గరుంది. నీ దగ్గర నలభై ఏళ్ళ సర్వీసు పరిచయాలున్నాయి. నువ్వు రాతిని కాపాడతానంటే నేనెప్పుడైనా వద్దన్నానా? బాలా హిస్సార్‌కి లిఫ్టు వెయ్యమని నేనెక్కడా సంతకం చెయ్యను. కానీ నువ్వు ఎంతసేపూ గుట్ట పైన ఏం కుదరదో లెక్కలు కడతావు. గుట్ట కింద కుదిరేదాని దగ్గరికి రావు. కింద ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైదాకా వినపడుతుందంటారు కదా. ఆ చప్పట్లు నేనూ కొట్టగలను. ఆ దర్వాజా దాకా నన్ను చేరనివ్వండి. ఎక్కడం సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

నాన్న: సాలార్‌జంగ్ మ్యూజియంలో బాగానే తిరిగావు కదా. అది చెప్పవేం?

అత్తయ్య: చెప్తాను, దాచుకోవడానికేముంది? లిఫ్టుంది, నేల నున్నగా ఉంది. ముసుగు రెబెక్కా శిల్పం చుట్టూ తీరిగ్గా తిరిగాను. ఆ పాలరాతి ముసుగు కింద నుంచి చూస్తే ఇంకా పల్చగా కనిపిస్తుంది, నువ్వు కూచుని చూడాలి ఈసారి. గంటలు కొట్టే గడియారం దగ్గర మాత్రం నాకు కనిపించినవి వీపులే. లోపల్నుంచి బొమ్మ వచ్చి గంట కొట్టిందని శబ్దాన్ని బట్టి తెలిసింది. ముందు వరసలో రెండు గజాలు తాడు కట్టి వదిలితే చాలు. రాయి తొలవక్కర్లేదు, సుప్రీంకోర్టుకి పోనక్కర్లేదు.

నాన్న: తాడుకి నేను ఒప్పుకుంటాను. పలకకీ ఒప్పుకుంటాను, బోల్టు లేకుండా ఆనించేదైతే. తీసేస్తే గుర్తు కూడా ఉండకూడదు. స్తంభాల దగ్గర మనిషి మాత్రం నిలబడడు. రాసిచ్చినా నిలబడడు.

అత్తయ్య: అయితే తాళంచెవి నాకివ్వమను. యూకేలో నడవలేనివాళ్ళ మరుగుదొడ్లకి దేశమంతా ఒకే తాళంచెవి ఉంటుంది, రాడార్ కీ అంటారు. నా పర్సులో ఇప్పుడూ ఉంది. ఒక స్తంభం మడిచేది పెట్టండి, దానికి తాళం వెయ్యండి, కార్డున్నవాళ్ళకి చెవి ఇవ్వండి. బుల్లెట్టువాడికి ఇవ్వకండి.

నాన్న: వంగి తాళం తీసి స్తంభం మడవగలవా నువ్వు? పాతిక కిలోలుంటుంది.

అత్తయ్య: నడుం ఎత్తులో మీట పెట్టు. అది గియ్యడానికే కదా నిన్ను ఇంజినీరు చదివించారు.

నాన్న: స్ప్రింగు పెట్టాలి. దుమ్ముకి పట్టేస్తుంది. వానాకాలం…

అత్తయ్య: గియ్యి. పట్టేస్తే అప్పుడు తిట్టుకుందాం.

నాన్న: గీస్తాను. కానీ ఒక్కటి చెప్తున్నా. నువ్వు వచ్చే రంజాన్‌లో రాత్రి బజారుకి వెళ్తానని నీ మేనకోడలితో అంటున్నావట. ఆ స్తంభం మడిచినా, మొత్తం పీకేసినా సరే, ఆ రద్దీలో రెండు కాళ్ళున్నవాళ్ళే కదల్లేరు.

అత్తయ్య: వాళ్ళు రద్దీ చూసి తిరిగొస్తారు. నేనూ రద్దీ చూసే తిరిగొస్తాను, స్తంభం చూసి కాదు. హలీం మాత్రం పార్సెల్ కట్టించుకుని.